కేమెమ్‌లీక్ సమీక్ష: లాడ్జి వైఫై పెట్టెలో కెర్నల్ మెమరీ లీకును పట్టిన సాధనం

తిరుపతిలో బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ చుట్టుపక్కల వీధుల్లో ఉన్న లాడ్జీలకు కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసిపెట్టడం నా వృత్తి. గదులకు వైఫై ఇచ్చే పెట్టెలు ఇక్కడ చాలావరకు చిన్న మినీ పీసీలే. వాటిలో లినక్స్, ఒక వైఫై కార్డు, దాన్ని నడిపించే డ్రైవర్, ఫోన్లను చేర్చుకునే హోస్ట్ఏపీడీ ప్రోగ్రాము, ఇంతకుమించి ఏమీ ఉండవు. అటువంటి ఒక పెట్టెలో కెర్నల్ (యంత్రాన్నీ ప్రోగ్రాములనూ నడిపించే లినక్స్ ప్రధాన భాగం) మెమరీ కారిపోతుంటే, అంటే తీసుకున్న మెమరీ తిరిగి రాకుండా పోతుంటే, దాని మూలం పట్టడానికి నేను వాడిన కేమెమ్‌లీక్ అనే సాధనం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది లినక్స్ కెర్నల్ సోర్సులోనే భాగం కాబట్టి డబ్బు పెట్టి కొనవలసిన పని లేదు. అయితే దీనికి పెట్టవలసిన సమయం, ఓపిక తక్కువేమీ కావు కనుక, ఇది ఎవరికి అక్కరకొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో వివరంగా చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ముందు సమస్య సంగతి. ఆ పెట్టెలో 2 జీబీ ర్యామ్ ఉంది. మామూలు రోజుల్లో వారాల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. బ్రహ్మోత్సవాలకో, వైకుంఠ ఏకాదశికో, వేసవి సెలవులకో లాడ్జి నిండిందంటే మాత్రం కొద్ది రోజులకే నెమ్మదించి, చివరికి కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ మెమరీ చాలక హోస్ట్ఏపీడీనే చంపేసేది. "సార్, మళ్లా నెట్టు పూడిసింది" అని కౌంటరు నుంచి ఫోను వచ్చేది. స్విచ్చి ఆపి వేస్తే బాగుపడేది కనుక అందరూ దానికే అలవాటు పడ్డారు. రీబూట్ చేస్తే పోయే జబ్బును ఎవరూ లోతుగా వెతకరు, అందుకే ఇలాంటి లీకులు ఏళ్ల తరబడి బతుకుతాయి.

ఇక సాధనం విషయానికి వస్తే, కేమెమ్‌లీక్‌ను ఆర్మ్ సంస్థలో పనిచేస్తున్న కాటలిన్ మారినాస్ రాశారు. 2009 సెప్టెంబరులో విడుదలైన 2.6.31 కెర్నల్‌లో ఇది మొదటిసారి చేరింది. పనిచేసే పద్ధతి చాలా తెలివైనది. కెర్నల్‌లో ఎవరైనా కేమాలాక్, వీమాలాక్, కేమెమ్ క్యాష్ అలాక్ వంటి ఫంక్షన్ల ద్వారా మెమరీ తీసుకున్న ప్రతిసారీ ఆ ముక్క చిరునామా, పరిమాణం, తీసుకున్న ప్రాసెస్ పేరు, ఆ క్షణాన ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చెప్పే బ్యాక్‌ట్రేస్, ఇవన్నీ ఒక రెడ్-బ్లాక్ ట్రీలో (త్వరగా వెతకడానికి వీలైన అమరికలో) నమోదవుతాయి. మెమరీని తిరిగి ఇచ్చినప్పుడు ఆ నమోదు చెరిగిపోతుంది. మామూలుగా 10 నిమిషాలకొకసారి ఒక కెర్నల్ థ్రెడ్ లేచి, కెర్నల్ డేటా సెక్షన్లనూ ప్రాసెస్‌ల స్టాకులనూ (ఫంక్షన్లు నడిచేటప్పుడు తాత్కాలిక విలువలు ఉంచుకునే చోట్లనూ) మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. అక్కడ కనబడిన ఏ విలువైనా నమోదై ఉన్న ఒక ముక్క లోపలికి చూపిస్తూ ఉంటే ఆ ముక్కకు దిక్కు ఉన్నట్టే లెక్క. అలా దిక్కున్న ముక్కలను కూడా తెరిచి, వాటిలో ఉన్న పాయింటర్ల (వేరే ముక్కల చిరునామాల) వెంట వెళ్తుంది. ఇంత వెతికినా ఎవరూ చూపించని ముక్కలు మిగిలితే వాటిని లీకులుగా అనుమానించి జాబితా వేస్తుంది. సత్రం క్లోక్‌రూములో టోకెను ఎవరి దగ్గరా లేకుండా మిగిలిపోయిన సంచిని గుర్తించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. జావా వంటి భాషల్లోని గార్బేజ్ కలెక్టర్ కూడా ఇదే దారిలో వెతుకుతుంది, కాని కేమెమ్‌లీక్ దొరికినదాన్ని విడుదల చేయదు, మనకు చెప్పి ఊరుకుంటుంది. కెర్నల్ లోపల అదే సరైన పద్ధతి, ఎందుకంటే అనుమానం ఒక్కటి తప్పయినా వాడుకలో ఉన్న మెమరీని లాగేసినట్టవుతుంది.

అయితే మెమరీ తగ్గుతోందని తెలియగానే కేమెమ్‌లీక్ దగ్గరకు పరుగెత్తకూడదు. లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది కనుక ఫ్రీ మెమరీ అంకె తక్కువగా ఉండడం జబ్బు కాదు. చూడవలసింది ప్రాక్ మెమ్‌ఇన్ఫో ఫైల్లోని మెమ్‌అవైలబుల్ అంకె, దానితోపాటు స్లాబ్ (కెర్నల్ తన చిన్న ముక్కలకు వాడుకునే మెమరీ) కింద విడిగా చూపించే ఎస్‌అన్‌రిక్లెయిమ్ అంకె. అవసరమైనా కెర్నల్ వెనక్కి తీసుకోలేని స్లాబ్ మెమరీ ఎంతో ఈ రెండోది చెబుతుంది. మా పెట్టెలో ప్రాసెస్‌లన్నీ వాడుతున్న మెమరీ నిలకడగా ఉండగా ఎస్‌అన్‌రిక్లెయిమ్ మాత్రం గంటగంటకూ పెరుగుతూ పోయింది, క్యాష్‌లను ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ ఆదేశం ఇచ్చినా దిగలేదు. స్లాబ్ వాడకాన్ని చూపించే స్లాబ్‌టాప్ తెరిస్తే కేమాలాక్-4కె అనే క్యాష్ (ఒకే పరిమాణం ముక్కల నిల్వ) అన్నిటికన్నా పైన కూర్చుంది. అంటే 4,096 బైట్ల ముక్కలను ఎవరో తీసుకుంటున్నారు, తిరిగి ఇవ్వడం లేదు. అవి ఎవరివో స్లాబ్‌టాప్ చెప్పదు. పైగా ఒకే రకమైన పరిమాణం, లక్షణాలు ఉన్న వేర్వేరు క్యాష్‌లను స్లబ్ అలకేటర్ (ఈ ముక్కలను పంచే కెర్నల్ భాగం) కలిపేస్తుంది కనుక, కొన్నిసార్లు అక్కడ కనబడే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అటువంటప్పుడు స్లాబ్_నోమెర్జ్ అనే బూట్ ఆప్షన్ పెట్టి ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక్కడి నుంచి కేమెమ్‌లీక్ పని మొదలవుతుంది, దాని మొదటి అసౌకర్యం కూడా ఇక్కడే ఎదురవుతుంది. డిస్ట్రిబ్యూషన్లు ఇచ్చే మామూలు కెర్నళ్లలో సాధారణంగా ఇది ఉండదు. కాన్ఫిగ్‌లో డీబగ్ కేమెమ్‌లీక్ ఆప్షన్ ఎంచుకుని కెర్నల్‌ను మనమే కంపైల్ చేసుకోవాలి. నేను డెబియన్ 12 వారి 6.1 కెర్నల్ సోర్సు తీసుకుని, మరో కంప్యూటర్లో కట్టి, లాడ్జిలో ఉన్నటువంటిదే ఇంకో మినీ పీసీలో వేశాను. యాత్రికులు వాడుతున్న పెట్టెలో దీన్ని వేయవద్దని గట్టిగా చెబుతాను. ప్రతి కేటాయింపుకూ కొన్ని వందల బైట్ల నమోదు అదనంగా పడుతుంది, స్కాన్ జరిగేటప్పుడు ప్రాసెసర్ మీద భారం పడుతుంది. 2 జీబీ పెట్టెలో ఈ బరువు స్పష్టంగా తెలిసింది. ఆ నమోదులకే మెమరీ దొరకని స్థితి వస్తే కేమెమ్‌లీక్ తనంతట తానే ఆగిపోతుంది, ఆ మాట కెర్నల్ సందేశాలను చూపించే డీమెసేజ్‌లో పడుతుంది. అందువల్ల రిపోర్టు ఖాళీగా వచ్చినంత మాత్రాన లీకు లేదనుకోకుండా, సాధనం ఇంకా నడుస్తోందో లేదో ముందు డీమెసేజ్‌లో చూసుకోవాలి. బూట్ తొలి దశలో వాడుకునే మెమ్‌పూల్ (ఈ నమోదుల కోసం ముందే పక్కన పెట్టిన మెమరీ) పరిమాణాన్ని కాన్ఫిగ్‌లో కాస్త పెంచి పెట్టుకుంటే ఈ ఇబ్బంది బూట్ దశలోనే ఎదురు కాకుండా ఉంటుంది.

వాడే విధానం మాత్రం ఎంతో సులభంగా ఉంది. డీబగ్ఎఫ్ఎస్‌లో (కెర్నల్ లోపలి సమాచారాన్ని ఫైళ్లుగా చూపించే చోట) కేమెమ్‌లీక్ అనే ఒకే ఒక ఫైలు ఉంటుంది. దానిలోకి స్కాన్ అని రాస్తే వెంటనే వెతుకుతుంది, క్లియర్ అని రాస్తే అప్పటివరకు ఉన్న అనుమానాలను పక్కన పెట్టేస్తుంది, ఫైలును చదివితే రిపోర్టు వస్తుంది. ఈ క్లియర్ సదుపాయం నాకు చాలా నచ్చింది. బూట్ సమయంలో వచ్చిన చిల్లర అనుమానాలన్నీ తుడిచేసి, మనం అనుమానిస్తున్న పని ఒక్కటే చేయించి, స్కాన్ చేస్తే కొత్తగా పుట్టినవి మాత్రమే కనబడతాయి. కొత్తగా వాడేవారికి ఒక్క విషయం చెప్పాలి. పుట్టి 5 సెకన్లు దాటని ముక్కను ఇది లీకుగా చూపించదు. అలాగే రెండు స్కాన్ల మధ్య చెక్‌సమ్ (లోపలి విలువలను బట్టి లెక్కగట్టే అంకె) మారని ముక్కనే లీకుగా లెక్కవేస్తుంది. కాబట్టి మొదటి స్కాన్‌లో ఏమీ రాలేదని వదిలేయకుండా, కొంచెం ఆగి రెండోసారి కూడా స్కాన్ చేయాలి.

లీకును మళ్లీ పుట్టించడానికి లాడ్జి పరిస్థితినే తెచ్చుకోవలసి వచ్చింది. రద్దీ పెరిగితే లీకు పెరుగుతోంది కనుక ఫోన్లు చేరడం, విడిపోవడం దగ్గరే ఏదో ఉందన్నది తేలికగా ఊహించవచ్చు. కాని గదిలో దగ్గరగా పెట్టిన ఫోను ఎన్నిసార్లు చేరి విడిపోయినా మెమరీ కదలలేదు. వరండా చివర, ఇనుప షట్టరు అవతల సిగ్నల్ అందీ అందకుండా పెట్టిన ఫోనును పదేపదే కలిపించినప్పుడు మాత్రం కేమాలాక్-4కె లెక్క పెరగసాగింది. అంటే విజయవంతంగా చేరిన ఫోను వల్ల నష్టం లేదు, చేరబోయి విఫలమైన ఫోను వల్లే నష్టం. పండగ రోజుల్లో మెట్ల మీద, వీధిలో, పార్కింగులో నిలబడి వైఫై కోసం ప్రయత్నించే ఫోన్లు ఎన్ని ఉంటాయో తిరుపతిలో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక్కో విఫల ప్రయత్నానికి 4 కేబీ పోతే రెండున్నర లక్షల ప్రయత్నాలకు సుమారు 1 జీబీ పోతుంది.

కేమెమ్‌లీక్ ఇచ్చిన రిపోర్టు చదవడం ఈ పనిలో నాకు అత్యంత సంతృప్తినిచ్చిన భాగం. ఒక్కో అనుమానానికి ముందు చిరునామా, పరిమాణం ఉంటాయి. నాకు 4,096 అని వచ్చింది. డ్రైవర్ నిజంగా అడిగింది అంతకన్నా తక్కువే, కాని స్లాబ్ ముక్క పరిమాణమే ఇక్కడ పడుతుంది కనుక, సోర్సులో సరిగ్గా 4,096 కోసం వెతికితే దొరకదు. తర్వాతి వరుసలో ప్రాసెస్ పేరు హోస్ట్ఏపీడీ అని ఉంది. ఈ ఒక్క మాటతోనే వెతకవలసిన స్థలం సగానికి సగం తగ్గిపోయింది. దాని కింద ముక్కలోని మొదటి 32 బైట్లు హెక్స్‌లో ఉంటాయి. వాటి మధ్య వరుసగా ఆరు బైట్లు నా పరీక్ష ఫోను మ్యాక్ చిరునామాతో (నెట్‌వర్కులో ఆ ఫోనును గుర్తించే సంఖ్యతో) సరిపోయాయి. దాన్నిబట్టి ఇది ఒక్కో ఫోనుకూ డ్రైవర్ పెట్టుకునే సమాచారమని అక్కడికక్కడే తెలిసిపోయింది. చివరన బ్యాక్‌ట్రేస్ ఉంది. పైన మెమరీ అలకేటర్, దాని కింద డ్రైవర్లోని ఫోనును చేర్చే ఫంక్షన్, ఆ కింద కెర్నల్‌లో వైఫై పనులు చూసే మ్యాక్80211 భాగం, అట్టడుగున హోస్ట్ఏపీడీ నెట్‌లింక్ (ప్రోగ్రాములు కెర్నల్‌తో మాట్లాడే దారి) ద్వారా పంపిన సందేశం.

ఇక్కడ సాధనం పరిధిని సరిగ్గా అర్థం చేసుకోవాలి. మెమరీ ఎక్కడ తీసుకున్నారో ఇది చెబుతుంది, ఎక్కడ పోగొట్టారో చెప్పదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని మనమే సోర్సు చదివి దాటాలి. ఈ డ్రైవర్ అధికారిక కెర్నల్‌లో ఉన్నది కాదు, కార్డు తయారీదారు విడిగా ఇచ్చినది. దానిలో ఫోనును చేర్చే ఫంక్షన్ మొదట మెమరీ తీసుకుంటుంది, తర్వాత కార్డులోని ఫర్మ్‌వేర్‌కు (కార్డులోనే నడిచే ప్రోగ్రాముకు) ఆదేశం పంపుతుంది, జవాబు రాకపోయినా తప్పుగా వచ్చినా ఎర్రర్ కోడు తిరిగి ఇచ్చి బయటికి వచ్చేస్తుంది. తీసుకున్న మెమరీని ఆ దారిలో ఎవరూ వదలరు. తీసివేసే ఫంక్షన్‌లో విడుదల సక్రమంగానే ఉంది, రాసినవారు దాని మీదే భరోసా పెట్టుకున్నట్టున్నారు. కాని చేర్చడమే విఫలమైతే మ్యాక్80211 ఆ ఫోనుకు తీసివేసే ఫంక్షన్‌ను పిలవదు. చేరనివాణ్ణి తీసివేయడమెందుకు అన్నది దాని లెక్క, అది న్యాయమైన లెక్కే. ఎర్రర్ దారి శుభ్రం చేసుకోవలసిన బాధ్యత డ్రైవర్‌దే. కెర్నల్ లీకుల్లో చాలా భాగం ఇలా ఎర్రర్ దారుల్లోనే పుడతాయి, ఎందుకంటే పరీక్షలన్నీ అంతా సవ్యంగా జరిగే దారిలోనే నడుస్తాయి.

సవరణ చాలా చిన్నది. ఎర్రర్ వచ్చినచోట నేరుగా రిటర్న్ కాకుండా ఫంక్షన్ చివర ఉన్న లేబుల్‌కు గోటూతో వెళ్లేలా చేసి, అక్కడ మెమరీని వదిలే కేఫ్రీ పిలిచి, పాయింటర్‌ను నల్ (ఖాళీ) చేశాను. కెర్నల్‌లో ఎర్రర్ దారులను రాసే సంప్రదాయ పద్ధతి ఇదే. 6.5 కెర్నల్ నుంచి, ఫంక్షన్‌లో పాయింటర్ ఉన్న భాగం ముగియగానే మెమరీ తనంతట విడుదలయ్యే సదుపాయం కూడా కెర్నల్‌లో వచ్చింది, కాని 6.1 మీద నడవవలసిన డ్రైవర్‌కు పాత పద్ధతే సరిపోతుంది. సవరించిన డ్రైవర్‌తో షట్టరు అవతల ఫోనును మళ్లీ రాత్రంతా కలిపిస్తూ ఉంచి, క్లియర్ చేసిన కేమెమ్‌లీక్‌తో రెండుసార్లు స్కాన్ చేస్తే ఒక్క అనుమానం కూడా రాలేదు, కేమాలాక్-4కె లెక్క కూడా నిలబడింది. ఈ రెండో పరీక్ష తప్పనిసరి. ఒక్క కేమెమ్‌లీక్ మౌనాన్ని నమ్మి పని ముగించకూడదు.

ఎందుకో చెబుతాను. ఈ లీకు పోయాక అదే పెట్టెలో ఇంకో మెమరీ పెరుగుదల బయటపడింది, ఇంతకన్నా చాలా నెమ్మదైనది, కేమాలాక్-128లో. దీని గురించి కేమెమ్‌లీక్ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. చుట్టుపక్కల కనబడే వైఫై నెట్‌వర్కుల జాబితాను ఈ డ్రైవర్ సొంతంగా దాచుకుంటుంది, కనబడిన ప్రతి కొత్త చిరునామానూ చేరుస్తుంది, పాతవాటిని ఎన్నడూ తీయదు. యాత్రికుల ఫోన్లలోని హాట్‌స్పాట్లు మారే మ్యాక్ చిరునామాలతో వస్తూ పోతూ ఉండే ఊళ్లో ఆ జాబితాకు అంతనేది ఉండదు. అయినా ప్రతి ముక్కకూ జాబితా నుంచి పాయింటర్ ఉంది కనుక కేమెమ్‌లీక్ దృష్టిలో అవన్నీ దిక్కున్నవే. ఇక ఎవరికీ అవసరం లేకపోయినా ఎవరో పట్టుకుని ఉన్న మెమరీని ఇది గుర్తించలేదు. పద్ధతిలోనే ఉన్న పరిమితి ఇది, మరమ్మతుతో పోయేది కాదు. నేరుగా పేజీలుగా (కెర్నల్ మెమరీని పంచే మూల ముక్కలుగా) తీసుకున్న మెమరీని కూడా ఇది చూడదు. దానికి పేజ్ ఓనర్ అనే వేరే సదుపాయం ఉంది. స్టాకులో ఎక్కడో పడి ఉన్న పాత అంకె పొరపాటున పాయింటర్‌లా కనబడితే అసలైన లీకు కూడా కొంతకాలం దాగిపోతుంది.

ఈ రెండో సమస్యకు స్లబ్ అలకేటర్‌లోనే ఉన్న స్లబ్ డీబగ్ సదుపాయం పనికొచ్చింది. బూట్ ఆప్షన్లలో స్లబ్_డీబగ్‌కు యూ అనే అక్షరాన్ని కేమాలాక్-128కి మాత్రమే వర్తించేలా పెడితే, డీబగ్ఎఫ్ఎస్‌లో ఆ క్యాష్ పేరుతో అలాక్ ట్రేసెస్ ఫైలు వస్తుంది. ఏ చోటు నుంచి ఎన్ని ముక్కలు బతికి ఉన్నాయో అది లెక్కతో చూపిస్తుంది. రద్దీ రోజున ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే పెరిగిన చోటు దానంతట అదే తేలింది. జాబితాకు గరిష్ఠ పరిమితి పెట్టి, అది నిండితే అన్నిటికన్నా పాతదాన్ని తీసేలా మార్చాను. ఈ పద్ధతి ఏది లీకో ఏది కాదో తీర్పు చెప్పదు, అంకెలు మాత్రమే ఇస్తుంది, కాని కేమెమ్‌లీక్ చూడలేనివి కూడా ఆ అంకెల్లో పడతాయి.

కొత్త కెర్నల్ వాడగలిగినవారికి ఇంకా తేలికైన దారి ఒకటి ఉంది. సురేన్ బాగ్దసార్యన్, కెంట్ ఓవర్‌స్ట్రీట్ రాసిన మెమరీ అలకేషన్ ప్రొఫైలింగ్ 2024లో విడుదలైన 6.10 కెర్నల్‌లో చేరింది. ప్రాక్‌లో అలాక్‌ఇన్ఫో అనే ఫైలు తెరిస్తే సోర్సులోని ఏ ఫైలు, ఏ వరుస ఎంత మెమరీ పట్టుకుని ఉందో అక్కడే కనబడుతుంది. పేజీ కేటాయింపులు కూడా అందులో ఉంటాయి. బరువు బాగా తక్కువ కనుక నడుస్తున్న యంత్రంలో కూడా ఉంచుకోవచ్చు. కాని తయారీదారు ఇచ్చిన పాత డ్రైవర్ 6.10 మీద కంపైల్ కాకపోతే ఈ సదుపాయం ఉండీ లేనట్టే, మా పని అక్కడే ఆగింది. రెండింటికీ వీలున్నవారు మొదట అలాక్‌ఇన్ఫోతో పెరిగే చోటు పట్టి, అది నిజంగా దిక్కులేని మెమరీయా, పెరుగుతున్న జాబితాయా అన్నది కేమెమ్‌లీక్‌తో తేల్చుకోవడం ఉత్తమం.

కెర్నల్‌తోపాటు వచ్చే కేమెమ్‌లీక్ పత్రం చిన్నదే అయినా స్పష్టంగా ఉంది. కావాలని లీకు చేసే ఒక నమూనా మాడ్యూలు కూడా సోర్సులోనే ఇచ్చారు. సాధనం సరిగ్గా నడుస్తోందో లేదో ముందు దానితో పరీక్షించుకోవచ్చు, ఎస్వీయూలోనో ఐఐటీలోనో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులకు ఈ విషయం బోధించడానికి అంతకన్నా మంచి మొదలు ఉండదు. రెండు స్కాన్ల అవసరం గురించి ఆ పత్రంలో ఇంకా ముందువరుసలో చెప్పి ఉండవలసింది. డ్రైవర్లు రాసేవారికి, బయటి డ్రైవర్లతో పెట్టెలు నడిపేవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఐదుకు నాలుగు ఇస్తాను. సోర్సు అందుబాటులో లేని డ్రైవర్‌తో ఇబ్బంది పడుతున్నవారు మాత్రం దీని కోసం కెర్నల్ కట్టే శ్రమ పడనక్కరలేదు. లీకు ఏ డ్రైవర్‌దో తెలిసినా దాన్ని సరిదిద్దే వీలు వారికి ఉండదు కనుక, అధికారిక కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న కార్డుకు మారడమే వారికి మేలు.